తొమ్మిది బ్యాగులల్ల పదిమంది

నీలమ్మ వేళ్ళ కొసలు నున్నగ అరిగిపోయి ఉంటయి. ఎక్కడన్న వేలిముద్ర పెట్టుమంటే మిషను ఒప్పుకోదు. "మల్ల పెట్టమ్మా, ఇంకోపారి పెట్టమ్మా" అని కౌంటరు మీదోళ్ళు విసుక్కుంటరు. ఇరవై రెండేండ్ల సంది చీరలు చుట్టుడే పని మరి, వేళ్ళు అరగక ఏమైతయి!

శాలిబండల బస్టాపు వెనక గల్లీల ఆమెకొక షట్టరు ఉన్నది. బయట బోర్డు మీద శారీ రోలింగ్, పాలిష్, ఫాల్, పీకో అని రాసి ఉంటది. నలిగి, ముద్దయి, ముడతలు పడి వచ్చిన చీరను తడిపి, పాలిష్ పెట్టి, మోటారు మీద తిరిగే పైపుకు గట్టిగ లాగి చుడ్తది. జరసేపు ఆగి విప్పితే అదే చీర దుకాణంల నుంచి అప్పుడే తెచ్చినట్టు ఉంటది. విప్పినంక మడతపెట్టి ఇస్తది. మడతపెట్టకుంటే ఎవ్వరు తీసుకోరు, బీరువల పెట్టుకోవాలె గద! పొద్దుగాల జల్‌పల్లి నుంచి షేరాటోల వచ్చుడు, పొద్దు గూకంగ అదే షేరాటోల పోవుడు.

ఇగ ఆమె పానం ఎక్కడున్నదంటే, కోలాటంల ఉన్నది. మామూలు కోలాటం కాదు, జడ కోలాటం. పైన ఒక ఇనుప కడియం కట్టి దాని నుంచి ఎనిమిది రంగుల తాళ్ళు వేలాడదీస్తరు. ఎనిమిది మంది ఒక చేత తాడు, ఒక చేత కోల పట్టుకోని ఒకరి కిందికెళ్ళి ఒకరు దూరుకుంట ఆడుతుంటే తాళ్ళన్ని పైనుంచి కిందికి జడ లెక్క అల్లుకుంటయి. మల్ల ఎదురు అడుగులు వేస్తే ఆ జడ మొత్తం విడిపోవాలె. ఒక్కరి అడుగు తప్పినా ముడి పడ్తది, అందరి ఇజ్జత్ పోతది. ఈ ఆటను చిన్నప్పుడు ఎప్పుడో చూసిన యాదితోని, ఫాల్ గుడ్డల ముక్కలు, పాత చీరలు పేని, రెండేండ్లు కూసోని ఎనిమిది తాళ్ళు తయారు చేసింది నీలమ్మ. ఆడోళ్ళకు అడుగులు నేర్పింది. కానీ ఏం ఫాయిదా? ఒక్కనాడు కూడా జనం ముంగట ఆడలే. ఒకచోట టెంటు కిందికి ఉన్నదంటరు, ఒకచోట కొక్కెం లేదంటరు, ఇంకోచోట టైము లేదంటరు. రెండేండ్ల సంది ఆ తాళ్ళు గోనెసంచిలనే పడి ఉన్నయి.

వాళ్ళ జట్టుకు పెద్ద రుక్మిణమ్మ. పత్తర్‌గట్టిల బట్టల హోల్‌సేలు సోమశేఖర్ ఉన్నడు గద, ఆయన తల్లి. డెబ్బై దాటినయి. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన డాబా. ప్రతి ఐతారం ఆ డాబా మీదనే కోలాటం. చీరలు ఆమె దుకాణంలవే, గంజి ఆమె ఇంటిదే, పాట ఆమె గొంతుదే. నలభై ఏండ్ల సంది ఆమె పాట ఎత్తుకుంటే ఆడోళ్ళు అడుగు కదిలిస్తరు. ఆమె మాట అంటే మాటే. ఇగ జడ కోలాటం అంటే ఆమెకు మొదటి నుంచి అంత ఇష్టం లేదు. "పాట ఉండంగ తాళ్ళెందుకే నీలా, సర్కస్ లెక్క" అనేది.

అట్లాంటి జట్టుకు జైపూర్‌ల జరిగే ఆడోళ్ళ జానపద మేళకు పిలుపొచ్చింది. స్వీటీ అని జట్టుల అందరికన్న చిన్నది ఉన్నది, కాల్ సెంటర్ల పని చేస్తది, ఆ పోరి రుక్మిణమ్మ పాటను ఫోన్ల తీసి పంపిస్తే వాళ్ళకు నచ్చింది. పదిమందికి విమానం టికెట్లు పంపిండ్రు. రెండు ఆటలకు ఒప్పుకున్నరు. మొదటిది రుక్మిణమ్మ పాట కోలాటం, రెండోది జడ కోలాటం. ఆ దినం నీలమ్మ ఇంట్ల ఎవ్వరు అడగకుండనే సేమ్యా పాయసం వండింది. ఆమె మొగడు శివయ్య ఆర్టీసీ డిపోల మెకానిక్, "ఏందే, ఏం పండుగ?" అని రెండు గిన్నెలు తాగిండు.

ఐతారం పగటీలి విమానం అనంగ బేస్తారం సాయంత్రం రుక్మిణమ్మ మనుమడు మనీష్ డాబా మీదికి వచ్చి ఫోను చూసుకుంట చెప్పిండు.

"నానమ్మా, ఒక్కొక్కరికి ఒక్క చేతి బ్యాగే. ఇంత పొడుగు, ఇంత వెడల్పు. ఏడు కిలోలు. కిందేసే లగేజీ లేదు. గ్రూపు టికెట్ కాబట్టి పెంచుకోవడానికి కూడా లేదంట. కోలలు వాళ్ళే ఇస్తరు."

ఆడోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. వాళ్ళ లెక్క రైలు లెక్క. ఎన్ని మూటలు ఉంటే అన్ని సీట్ల కింద తొయ్యొచ్చని. నీలమ్మ పక్కింటామె బేబీ అయితే ఇంటిల్లిపాదికి సరిపోయేంత చింతకాయ తొక్కు సీసాల ఎత్తి పెట్టుకున్నది.

స్వీటీ తన బ్యాగు తెచ్చింది. "ఒక్కరి బట్టలు పెట్టి చూద్దాం" అన్నది. ఆట చీరలు ఒక్కొక్కరికి రెండు. ఎర్రటి నారాయణపేట ఒకటి, పసుపుపచ్చది ఒకటి. రుక్మిణమ్మ వాటికి స్వయంగ గంజి పెట్టించి ఎనిమిది మడతలు పెట్టి ఇస్తది. ఆ గంజి చీరలు ఎట్లుంటయి? అట్టలు నిలబెట్టినట్టు ఉంటయి. రెండు చీరలు, లంగలు, జాకిట్లు, కట్టుకునే బట్టలు, గజ్జెలు పెట్టంగనే బ్యాగు నోరు తెరుసుకోని కూసున్నది. బేబీ మీద కూసుంటే గాని జిప్పు పడలే. బేబీ లేసింది, జిప్పు పర్రుమన్నది.

ఇగ తాళ్ళు? ఎనిమిది తాళ్ళు, ఇనుప కడియం కలిపి అదే ఒక నిండు బ్యాగు. పార్సిలు పంపుదామంటే అయిదు రోజులు పడ్తదన్నడు మనీష్.

రుక్మిణమ్మ జరసేపు చూసి తేల్చేసింది. "పదిమందికి పది బ్యాగులు. ఎవరి బట్టలు వాళ్ళకే సాల్తలేవు. తాళ్ళు ఇక్కడే ఉండనియ్యండి. పాట ఒక్కటే ఆడుదాం."

నీలమ్మ తాళ్ళను మల్ల గోనెసంచిల పెట్టుకుంట ఒక్కొక్క తాడును చేత్తోని నిమిరింది. కిందికి దిగినంక షేరాటోల బేబీ "పోనీ తియ్యక్కా, వచ్చే ఏడు ఆడుదాం" అన్నది. "వచ్చే ఏడు ఎవ్వడు పిలుస్తడే!" అని నీలమ్మ కస్సుమన్నది. ఆటోల అందరు చూసిండ్రు.

శుక్రారం పొద్దుగాల షట్టరు ఎత్తి మోటారు వేసింది. మనసు మనసుల లేదు. ఒక చీర చుట్టుడు అయిపోయింది. పైపు గుంజేసింది. చీర చుట్ట లెక్క చేతిల మిగిలింది. దాన్ని బల్ల మీద పెట్టబోయి ఆగింది. చూసింది. మల్ల చూసింది.

"ఓ నీ పాడుగాను!" అని తనను తనే తిట్టుకున్నది.

ఇరవై రెండేండ్లు చేతులల్ల ఉన్న ఇకమతు, అవసరం పడ్డనాడు యాదికి రాలే! ఎందుకొస్తది? చుట్టిన చీరను విప్పి మడతపెట్టుడే కదా రోజూ చేసేది, చుట్టనే చుట్టగ ఉంచాలని ఎవ్వరు అడిగిండ్రు? పక్క దుకాణంల ఒక చిన్న బ్యాగు అడుక్కొచ్చింది. షట్టరుల ఉన్న గంజి చీరలు లంగ, జాకిట్టుతోని మడతపెట్టి సర్దితే మూడు పట్టినయి. అవే చీరలు లంగ, జాకిట్టు లోపట పెట్టి గట్టిగ చుట్టి సర్దింది. ఆరు పట్టినయి. ఇంకో దస్తీల మూట పట్టే సందు కూడా మిగిలింది. నీలమ్మకు నవ్వు ఆగలే. గిరాకీ మనిషి ఒకామె ఫాల్ కోసం వచ్చి, "ఏందమ్మా, ఒక్కదానివే నవ్వుతున్నవు?" అంటే, "ఇయ్యాల పని లేదు తల్లీ, సోమారం రా... లే, సోమారం కూడా ఉండ, బుధారం రా" అని షట్టరు దించేసి పత్తర్‌గట్టికి ఉరికింది.

రుక్మిణమ్మ వంటింట్ల ఉన్నది. నీలమ్మ బ్యాగు కింద పెట్టి, ఉన్న ముచ్చట ఊపిరి తీసుకోకుండ చెప్పింది. "తొమ్మిది బ్యాగులల్ల పదిమంది బట్టలు పట్టిస్తనమ్మా. పదో బ్యాగుల తాళ్ళు వస్తయి."

బ్యాగుల చుట్టలు చూడంగనే రుక్మిణమ్మ మొఖం మారిపోయింది.

"ఎవరు చుట్టుమన్నరు వీటిని? కట్టుకునే చీరను, కొత్త చీరను చాప చుట్టినట్టు చుడ్తవా? చాపల చుట్టేది ఎవర్నో తెల్వదా నీకు?"

"అమ్మా, కింద మీ దుకాణంల తాన్లన్ని చుట్టే కదా..."

"అది బేరం. ఇది ఒంటి మీదిది." రుక్మిణమ్మ బ్యాగును అవుతలికి జరిపింది. "మా ఆయనను గిట్లనే చుట్టి తీసుకపోయిండ్రు, నా కండ్ల ముంగటికెళ్ళి. చుట్టింది చూస్తే నాకు ఇప్పటికీ అదే అవుపడ్తది. వద్దు నీలా. నన్ను అడగకు."

ఇగ ఎవరన్న అయితే అక్కడనే ఊకుందురు. నీలమ్మకు పాపం అనిపించింది, నిజమే. కానీ తాళ్ళు కూడా కండ్ల ముంగట అవుపడుతున్నయి. మెల్లగ అన్నది.

"మనీష్ పుట్టినప్పుడు దవఖానల మీ చేతికి ఎట్లిచ్చిండ్రమ్మా?"

రుక్మిణమ్మ తల ఎత్తింది.

"పాత నూలు చీరల చుట్టే కదా ఇచ్చిండ్రు. కాళ్ళు చేతులు కదలకుండ, మొఖం ఒక్కటే అవుపడేటట్టు. నా బిడ్డనైనా అంతే, ఎవరి బిడ్డనైనా అంతే. పోయినోళ్ళను ఒక్కపారి చుడ్తరు. పుట్టినోళ్ళను దినాం చుడ్తరు కదమ్మా."

వంటింట్ల పాలు పొంగి పొయ్యి మీద పడ్డయి. ఇద్దరు చూడలే. రుక్మిణమ్మ ఒక చుట్టను చేతిలకు తీసుకున్నది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. మెల్లగ విప్పింది. గంజి గంజి లెక్కనే ఉన్నది, ముడత అన్నది లేదు. తను మడతపెట్టి ఇచ్చిన చీరను తెచ్చి పక్కన పరిసింది. మడత మడతకు గీతలు. కొంగు నడుమ నుంచి పోతున్నదొకటి, అంచు మీద నుంచి పోతున్నదొకటి.

"స్టేజీ మీద లైట్లు పడితే ఈ గీతలే అవుపడ్తయి" అన్నది తనల తాను. పొయ్యి బందు చేసుకుంట, "శనివారం అందర్ని డాబా మీదికి రమ్మను" అన్నది.

శనివారం డాబా మీద మస్తు లొల్లి. అంచు కింద అంచు కలిపి నిలువుల నాలుగు మడతలు, మీద లంగ, జాకిట్టు, ఆ కొస నుంచి పైపు మీద చుట్టుడు, గుంజుడు, పైపు తీసేసుడు. నీలమ్మ ఒక్కొక్కరి చేతుల మీద కొట్టుకుంట నేర్పింది. "లూజుగ చుడితే ఉబ్బుతది! లాగు! ఏమన్న పసిపిల్లను పండబెడుతున్నవా?" ఇంక గజ్జెలు ఉన్నయి. పది జతలు, ఎక్కడ పెట్టాలె? పైపు తీసినంక చుట్ట నడుమ బోలుగ సందు ఉంటది కదా, అందులకు నెట్టేసింది. మోత లేదు, జాగ తినదు. "వాహ్!" అన్నడు మనీష్. నీలమ్మకు తన తెలివికి తనకే ముద్దొచ్చింది. ఆ తెలివే రేపు పరేషాన్ చేస్తదని ఆమెకేం తెల్సు.

తొమ్మిది బ్యాగులు జిప్పులు పడ్డయి. ఎవ్వరు మీద కూసోలే. పదో బ్యాగుల తాళ్ళు నిమ్మలంగ పండుకున్నయి. బేబీ తొక్కు సీసను మాత్రం స్వీటీ గుంజుకోని పక్కకు పెట్టింది.

ఐతారం ఏర్‌పోర్టుల బ్యాగు కొలిచే ఇనుప చట్రంల ఒక్కొక్క బ్యాగు సర్రున దిగింది. ఆడోళ్ళంతా ఏదో పరీక్ష పాసైనట్టు చప్పట్లు కొట్టిండ్రు. ఇగ సెక్యూరిటీ కాడ బ్యాగులు మిషన్లకు పంపిండ్రు. తాళ్ళ బ్యాగు ముందుగాల పోయింది, ఎవ్వరు ఏం అనలే. తర్వాత బేబీ బ్యాగు వచ్చింది. మిషను ఆగింది. తెర చూసే ఆయన ఇంకో ఆయనను పిలిచిండు. బ్యాగు పక్క పట్టాల మీదికి మళ్ళింది. దాని ఎనక ఇంకోటి. ఇంకోటి. తొమ్మిదికి తొమ్మిది పక్కకు పోయి వరుసగ నిలబడ్డయి.

ఖాకీ బట్టల మేడమ్ ఒకామె వచ్చింది. గట్టి మనిషి. "అందర్ పైప్ క్యోఁ హై? పైప్ మే లోహా క్యా హై?" అని అడిగింది. లోపట పైపులేంది, పైపులల్ల ఇనుమేంది అని.

నీలమ్మకు అప్పుడు సమజైంది. బిర్రుగ చుట్టిన గుండ్రటి చుట్టలు, నడుమల ఇత్తడి గజ్జెలు. మిషను తెరల అవి బాంబుల లెక్క అవుపడి ఉంటయి.

"పైప్ నహీఁ మేడమ్, సాడీ హై. సాడీ మే ఘుంగ్రూ హై. నాచ్‌నే కా!" అన్నది, చీరలల్ల ఆట గజ్జెలని.

"సబ్ ఖోలో" అన్నది మేడమ్.

తెరిచిండ్రు. ఆ మేడమ్ తప్పేం లేదు, ఆమె పని ఆమె చేసింది. గజ్జెలున్న చుట్టలు పది, పదిటిని కొస నుంచి కొస దాంక విప్పి, గజ్జెలు తీసి, ఏదో గుడ్డతోని తుడిచి చూసి, "ఠీక్ హై. ఘుంగ్రూ అలగ్ రఖో. లేజావ్" అన్నది. మొత్తం విప్పినంక ఆ ఇనుప బల్ల మీద పది గంజి చీరలు గుట్ట లెక్క లేసినయి. స్వీటీ గబగబ రెండు మడతపెట్టి బ్యాగుల తోసింది. జిప్పు సగం కూడా రాలే.

"గేటు ఇరవై అయిదు నిమిషాలల్ల మూస్తరు" అన్నది స్వీటీ. పిల్ల కండ్లల్ల నీళ్ళు. "ఆంటీ, తాళ్ళు వదిలేద్దామా? ఆ బ్యాగు ఖాళీ చేస్తే చీరలు పడ్తయి."

అందరి కండ్లు నీలమ్మ మీదనే. చుట్టుడు నా పనే, గజ్జెలు పెట్టుడు నా పనే, అంతా నేనే చేసిన, అందర్ని ఆగం పట్టించిన అని లోపట కుమిలిపోతున్నది. ఇప్పుడు మోటారు లేదు, పైపు లేదు. పది చీరలు ఉత్త చేతులతోని చుట్టుడంటే శాలిబండల అయితే అర్ధపూట పని. తాళ్ళ బ్యాగు దిక్కు చెయ్యి పోయింది.

అప్పుడు రుక్మిణమ్మ ముంగటికొచ్చింది. తిడ్తదనే అనుకున్నరు అందరు. ఆమె కొంగు నడుముకు దోపింది.

"ఏంది చూస్తున్నవు నీలా? ఏ కొస పట్టాల్నో చెప్పు."

ఆ మాటతోని నీలమ్మ ఒంట్లకు పానం వచ్చింది. "అమ్మా, మీరు ఈ కొస! స్వీటీ ఆ కొస! నలుగురు నడుమ! బేబీ, నీ స్టీలు సీస ఇటియ్యి!" నీళ్ళు పారబోయించిన సీస, పొడుగుది, సన్నగ ఉన్నది. అదే పైపు అయింది. పక్కన కుర్చీల వరుస ఉంటే దాన్నే బల్ల చేసుకున్నరు.

ముందు రెండు చీరలకు అడ్డదిడ్డం అయింది. ఒకరు లాగితే ఇంకొకరు వదులుతున్నరు. నీలమ్మ అరిచింది. "కోలాటం ఆడుండ్రి! చీర అనుకోకుండ్రి! ఒకటికి దులుపుడు, రెంటికి సగం, మూటికి మల్ల సగం, నాలుగుకు నా చేతికి!" రుక్మిణమ్మ కాలితోని తాళం వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే. నలభై ఏండ్ల తాళం మరి, ఒంట్లకు ఎక్కి ఉన్నది. చీర గాలిల లేసుడు, సగమయ్యుడు, మల్ల సగమయ్యుడు, నీలమ్మ చేతిలకు వచ్చి సీస మీద బిర్రుగ తిరుగుడు. సీస గుంజుడు, చుట్టను బేబీ అందుకోని బ్యాగుల కుక్కుడు. మూడోది, నాలుగోది, అయిదోది. పక్కన పోయేటోళ్ళు నిలబడ్డరు. ఎవరో ఫోన్లు తీసిండ్రు. ఏడో చీరకు జనం కూడా తాళం అందుకున్నరు. తొమ్మిదో చీరకు ఖాకీ మేడమ్ కూడా వచ్చి చేతులు కట్టుకోని చూసింది. పదోది చుట్టి నీలమ్మ జిప్పు లాగితే, తొమ్మిది జిప్పులు కొస దాంక పోయినయి.

"గ్యారా మినిట్!" పదకొండు నిమిషాలే అన్నడు గడియారం చూసుకుంట ఒక పెద్దమనిషి.

మేడమ్ దగ్గరికి వచ్చి, ఊరికి పోయేటప్పుడు తన యూనిఫారం కూడా ఇట్లనే చుట్టుకుంటనని, ఆ నాలుగు మడతలు ఒకపారి చూపించుమని అడిగింది. నీలమ్మ ఉరుక్కుంటనే చెయ్యితోని చూపించింది.

గజ్జెలు మిగిలినయి. బ్యాగులల్ల పెట్టొద్దన్నరు. "కాళ్ళకు కట్టుండ్రి!" అన్నది రుక్మిణమ్మ. పదిమంది వంగి కట్టుకున్నరు. ఇగ ఉరుకుడు చూడాలె! నున్నటి నేల మీద ఘల్లు ఘల్లు ఘల్లుమనుకుంట, బ్యాగులు గుంజుకుంట, డెబ్బై దాటిన రుక్మిణమ్మ ముంగట, బేబీ రొప్పుకుంట అందరి ఎనక. దుకాణాలల్లకెళ్ళి జనం బయటికొచ్చి చూసిండ్రు. గేటు కాడి పిల్ల తలుపు మూయబోతున్నదల్ల ఆ మోతకు ఆగింది.

జైపూర్‌ల తెల్లారి మేళ. పొద్దుగాల నుంచి జట్ల మీద జట్లు, భాషణాల మీద భాషణాలు. అన్నీ ఆలస్యం. వీళ్ళ వంతు దగ్గర పడంగ నిర్వాహకుడు ఒకాయన వచ్చి చేతులు జోడించి హిందీల ఏదో చెప్పిండు. స్వీటీ అందరికి సమజు చెప్పింది.

"టైము లేదంట. జట్టుకు ఒక్కటే ఆట. ఎనిమిది నిమిషాలు. ఏది ఆడుతరో చెప్పుమంటున్నడు."

అడగాల్సిందేం ఉన్నది? వీళ్ళను పిలిపించిందే రుక్మిణమ్మ పాట. జట్టు ఆమెది, చీరలు ఆమెవి. నీలమ్మ తాళ్ళ బ్యాగును కాలితోని మెల్లగ ఎనకకు జరిపింది. పైకి నవ్వు తెచ్చుకోని, "ఎర్ర చీరలు కట్టుకోండి, పాట ఆడుదాం" అన్నది.

"ఆగు" అన్నది రుక్మిణమ్మ.

ఆమె వంగి, ఆ బ్యాగు జిప్పు తనే తీసింది. లోపటికెళ్ళి ఇనుప కడియం తీసి నీలమ్మ చేతిల పెట్టింది.

"నా పాట నలభై ఏండ్ల సంది అందరు విన్నరు. నీ జడ ఇంతవరకు ఎవ్వరు చూడలే. పో, కట్టు."

"అమ్మా, మీ పాట కోసమే కదా..."

"పాట ఎక్కడికి పోతదే! జడకు కూడా నేనే పాడ్త. పో అంటున్న కదా, టైమైతున్నది!" అని గదమాయించింది. ఆ గదమాయింపుకు నీలమ్మ కండ్లు నిండినయి.

పసుపుపచ్చ చీరలు చుట్టలల్లకెళ్ళి విప్పి కట్టుకున్నరు. ఒక్క గీత లేదు, ఒక్క ముడత లేదు. లైట్ల కింద ఎనిమిది మంది నిలబడితే ఒకటే తాన్లకెళ్ళి కోసినట్టు ఉన్నరు. పైనుంచి ఎనిమిది తాళ్ళు దిగినయి. రుక్మిణమ్మ తాళాలు కొట్టి గొంతెత్తింది.

దూరుడు, లేసుడు, కోల తాకుడు. తాళ్ళు అల్లుకుంట వచ్చినయి. ఎరుపు మీద పచ్చ, పచ్చ మీద నీలం. జనం ముందు ముచ్చట్లు పెట్టుకుంటున్నోళ్ళు ఊకున్నరు. జడ సగం దాంక వచ్చింది, మనిషి ఎత్తుకు వచ్చింది. ఇగ విప్పుడు. అసలు పరీక్ష అదే. నాలుగో తిరుగుల బేబీ పైనుంచి పోవాల్సింది కిందికి వంగబోయింది. "మీదికి, బేబీ!" అన్నది నీలమ్మ, పాట ఆపకుండ, పాటల కలిపే. బేబీ లేసింది. తాడు తప్పుకున్నది. అల్లిక ఒక్కొక్క వరుస వదులుకుంట పైకి పోయింది. పోయింది. పోయింది. ఆఖరి మెలిక విడిపోయి ఎనిమిది తాళ్ళు ఎనిమిది దిక్కుల నిటారుగ నిలబడ్డయి.

లేసినరు జనం. ముందు వరుసల కూసున్న పెద్దమనుషులు కూడా లేసినరు. ఈలలు, చప్పట్లు. "ఏక్ బార్ ఔర్! ఏక్ బార్ ఔర్!" ఇందాక టైము లేదన్న ఆయన స్టేజీ పక్క నుంచి చేతులు ఊపుకుంట, ఆడండి, ఇంకోపారి ఆడండి అని సైగ చేస్తున్నడు.

రుక్మిణమ్మ ఎవ్వరినీ అడగలే. తాళాలు అందుకోని ముందుకన్న జోరుగ పాట ఎత్తుకున్నది. నీలమ్మకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. చెంపలు తుడుసుకుందామంటే ఒక చేతిల తాడు, ఒక చేతిల కోల. తుడుసుకోలే. అట్లనే ఏడ్సుకుంట, నవ్వుకుంట మొదటి అడుగు వేసింది.